రాయగడ నుంచి విశాఖకి ఎగిరే కారు: సొంతానికి కొననిస్తారా, కొన్నా పనికొస్తాదా?

రాయగడ_హార్డ్‌వేర్:
అందరికీ నమస్కారం. ముందే చెప్పీస్తన్నాను, నేను చదివింది ఒడియా మీడియం, తెలుగు టైపింగు ఈమధ్యే పట్టుబడింది, తప్పులుంటే ఏటనుకోకండి.

విషయం ఏటంటే, మా అమ్మకి రెండు నెలలకోసారి విశాఖలో డాక్టరుకి చూపించాలి. కారులో పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా వెళ్తాం, ఐదు గంటలు ఎక్కడికీ పోవు, కూనేరు దాటేలోపే అమ్మకి వాంతులు మొదలు, ఒళ్ళో కవరు పెట్టుకునే కూచుంటాది. ట్రైను కూడా ఉందిలెండి, దాని సంగతి మళ్ళీ చెప్తాను. మా బావమరిది అమెరికాలో ఉంటాడు, వాడు మొన్న ఒక వీడియో పంపించేడు, రోడ్డు మీద నల్ల కారు ఒకటి ఉన్నపళంగా పైకి లేచి ముందున్న కారు మీంచి దాటీసి అవతల దిగింది. అలెఫ్ అని కాలిఫోర్నియా కంపెనీ అట. 150 డాలర్లు కడితే లైన్లో పేరు రాసుకుంటారంట, బావా నీ పేరు కూడా రాయించీమంటావా అన్నాడు. కారు రేటు 3 లక్షల డాలర్లు, అంటే మనకి రెండున్నర కోట్లు. నా దగ్గర అంత లేదులెండి, కానీ పాత గోడౌన్ జాగా ఒకటి అమ్మే ఆలోచన ఉంది, అందుకని అడుగుతన్నాను, మరీ గాలి ప్రశ్న కాదు.

అడగాల్సినవి: ఇది మన దేశంలో రిజిస్ట్రేషన్ అవుతాదా, అయితే ఆర్టీఓ దగ్గరా విమానాలోళ్ళ దగ్గరా? లైసెన్సు ఏటి కావాలి? మా డాబా మీంచి లేవొచ్చా? విశాఖలో ఎక్కడ దించుతాను? తెలిసినోళ్ళు చెప్పండి, నవ్వడానికి వచ్చినోళ్ళు కూడా రండి, ఫర్వాలేదు.

పర్లాకిమిడి_బుల్లోడు:
నవ్వడానికి వచ్చినోళ్ళలో నేను ఫస్టు 😂 అన్నా, ఓడీ-18 (మీ రాయగడ నంబరు) బండి బోర్డరు దాటితేనే పేపర్లు చూపించమని చెయ్యెత్తుతారు, నువ్వు మీంచి పోతే వాళ్ళు చెయ్యెత్తాలా తలెత్తాలా? పైనుంచి ఒక చేత్తో ఇన్సూరెన్సు కాగితం కిందికి జారవిడిచీ.

సీరియస్‌గా ఒకటి, మీ పక్కింటోళ్ళు డాబా మీద వడియాలు పెడతారా లేదా? ముందు ఆ పర్మిషన్ తెచ్చుకో, విమానాలోళ్ళ ఆఫీసు డీజీసీఏ తర్వాత.

జయపురం_పీపీఎల్:
నాకు తెలిసింది రాస్తాను, కొంచెం పొడుగవుతాది. నేను కొన్నాళ్ళ కింద ప్రైవేట్ పైలట్ లైసెన్సు (పీపీఎల్) చేసాను, తర్వాత డబ్బుల్లేక కమర్షియల్ దాకా పోలేదు, ఇప్పుడు వేరే ఉద్యోగం.

మొదట ఆర్టీఓ సంగతి. భూమ్మీద నడిచినంతసేపు అది మోటారు వాహనం, దానికి మోటారు వాహనాల చట్టం. చక్రం నేల వదిలిందంటే విమానం, దానికి విమానాల చట్టం. 1934 నాటి పాత ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం తీసేసి భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 అని కొత్తది తెచ్చారు, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, ఆఫీసు మాత్రం అదే డీజీసీఏ. అంటే నీ బండికి ముందు ఓడీ-18 నంబరు ప్లేటూ కావాలి, పక్కన వీటీ తో మొదలయ్యే విమానం రిజిస్ట్రేషనూ కావాలి. రెండు ఆఫీసులు, రెండు ఫిట్‌నెస్‌లు, రెండు ఇన్సూరెన్సులు. విమానం వైపు ఫిట్‌నెస్ అంటే బ్రేకు తొక్కి లైటేసి చూసి స్టాంపు కొట్టడం కాదు, ఆ మోడల్‌కి ముందు టైప్ సర్టిఫికెట్ (ఈ డిజైను సరే అని) ఉండాలి, తర్వాత నీ బండికి విడిగా ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ (ఈ బండి ఎగరొచ్చు అని), ఆపైన లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీరు సంతకం లేకుండా బోల్టు కూడా మార్చకూడదు. రాయగడలో మెకానిక్ ఎంత గొప్పోడైనా సంతకం చెల్లదు.

అలెఫ్ దగ్గర ఉన్నదేంటంటే 2023 జూన్‌లో అమెరికా విమానాల ఆఫీసు ఎఫ్‌ఏఏ ఇచ్చిన స్పెషల్ సర్టిఫికెట్. పేపర్లోళ్ళు "ఎగిరే కారుకి అనుమతి" అని రాసీసారు గానీ అది ఎగ్జిబిషన్‌కీ పరిశోధనకీ ఇచ్చే పరిమిత అనుమతి, టెస్టు చేసుకో, చూపించుకో అని. సంతలో అమ్ముకో, జనం ఎక్కి తిరగొచ్చు అని కాదు. ఈ తేడా తెలీకే సగం మంది డిపాజిట్ కడతన్నారు.

లైసెన్సు: మామూలు పీపీఎల్‌కి 17 ఏళ్ళు, పదో తరగతి పాసు, మెడికల్, పరీక్షలు (రూల్సు, నావిగేషను, వాతావరణం), 40 గంటల ఫ్లయింగు, రేడియోలో మాట్లాడ్డానికి వేరే లైసెన్సు. నీకు వయసు ప్రాబ్లం లేదు, షాపు మూసుకుని ఏ ఫ్లయింగ్ క్లబ్బు దగ్గరో నెలలు నెలలు ఉండగలవా అన్నదే. ఇంకో మెలిక, సెస్నా లాంటి చిన్న విమానం మీద నేర్చుకున్న లైసెన్సు నిట్టనిలువుగా లేచే బండికి పనికిరాదు. అమెరికాలోనే అలాంటోటికి పైలట్ శిక్షణ ఎలా ఉండాలని 2024 అక్టోబరులో గానీ రూలు ఖాయం చెయ్యలేదు.

ఇక ఎగరడం. ఇక్కడే జనం పొరపాటు పడతారు, ఆకాశం ఖాళీగా కనపడతాది గదా అని. కళ్ళతో చూసుకుంటూ ఎగిరే ఫ్లైటుకి కనీసం 5 కిలోమీటర్లు కనపడాలి, మామూలుగా పొద్దుగూకాక కుదరదు. ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, ఫ్లైట్ సమాచార కేంద్రం నుంచి ఎఫ్‌ఐసీ నంబరు తీసుకోవాలి, ఎయిర్‌ఫోర్సు దగ్గర్నుంచి ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) నంబరు తీసుకోవాలి, అది లేకుండా లేస్తే రాడార్లో నువ్వు ఎవడో తెలీని చుక్కవి. మీ అమ్మగారిది 10 గంటల అపాయింట్‌మెంటు అనుకో, డిసెంబరులో మన కొండల్లో 9 దాకా మంచు దిగదు. విశాఖ ఎయిర్‌పోర్టు అసలు నేవీ వాళ్ళది, ఐఎన్‌ఎస్ డేగా, ఆ గాలి వాళ్ళ చేతిలో ఉంటాది. బీచ్ రోడ్డులో దించుతానంటే వినేవాడు ఎవడూ ఉండడు.

దూరం సంగతి కూడా చూడు. రాయగడ నుంచి విశాఖ తిన్నగా గీత గీస్తే సుమారు 160 కిలోమీటర్లు. అలెఫ్ వాడు చెప్పుకునే ఎగిరే రేంజి 110 మైళ్ళు, అంటే 177. మిగిలింది 17 కిలోమీటర్లు! ఎదురుగాలి కొడితే అది కూడా లేదు. మామూలు విమానంలో పగటిపూట వెళ్ళినా దిగేసరికి అరగంటకి సరిపడా ఇంధనం మిగలాలి, హెలికాప్టరుకైతే 20 నిమిషాలు. ఈ లెక్కన వాడి సొంత బ్రోచర్ ప్రకారమే నువ్వు విజయనగరంలో దిగిపోవాలి, అక్కడ్నుంచి ఆటో.

పర్లాకిమిడి_బుల్లోడు:
ఆటో ఎందుకు, కారే గదా, నడుపుకుంటూ పోతాడు

జయపురం_పీపీఎల్:
అదీ రాస్తాను ఉండు. అమెరికా రోడ్డు మీద అది లో స్పీడ్ వెహికిల్ కింద లెక్క, గంటకి 25 మైళ్ళు, మన లెక్కలో 40. విజయనగరం నుంచి విశాఖ హైవే మీద 40లో పోతే వెనకాల లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడు. గట్టిగా గుద్దుకుంటే తట్టుకునేలా మామూలు కారంత బరువుగా కడితే గాల్లోకి లేవదు, లేచేంత తేలిగ్గా కడితే రోడ్డు మీద గట్టిది కాదు. ఎగిరే కారు అనే ఆలోచనకి పుట్టినప్పట్నుంచి ఉన్న జబ్బు ఇదే.

రాయగడ_హార్డ్‌వేర్:
అన్నా చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి లైసెన్సు అక్కర్లేనివి కూడా ఉన్నాయంట గదా, జెట్సన్ అని, ఒక్కడు కూచునేది, నాలుగు మూలలా ఫ్యాన్లు? దాని రేటు సగం కూడా లేదు.

ఫీనిక్స్‌లో_గుణుపూరోడు:
నేను గుణుపూర్ వాణ్ణి, అరిజోనాలో ఉంటాను, మీ బావమరిదిని కాదు 😀

జెట్సన్ వన్, పివోటల్ హీలిక్స్, ఇవి ఇక్కడ పార్ట్ 103 అనే రూలు కింద వస్తాయి. 1982లో పెట్టిన రూలు అది, ఇంజన్ కట్టిన గ్లైడర్ల లాంటివాటి కోసం. ఖాళీ బరువు 254 పౌండ్లు, అంటే 115 కిలోలు దాటకూడదు, ఒకటే సీటు, పగలు మాత్రమే, ఇళ్ళున్న చోట మీద ఎగరకూడదు. ఈ షరతులన్నీ ఒప్పుకుంటే పైలట్ లైసెన్సు అడగరు, రిజిస్ట్రేషన్ అడగరు. ప్రభుత్వం అనేది ఏంటంటే, పడితే నువ్వు ఒక్కడివే పడు, జనం మీద పడకు. అంతే. అది ఊళ్ళకి వెళ్ళొచ్చే బండికి ఇచ్చిన స్వేచ్ఛ కాదు, సరదాకి ఎగిరేవాడికి ఇచ్చింది.

జెట్సన్ 20 నిమిషాలు ఎగురుతుంది, కూర్చునేవాడు 95 కిలోలు దాటకూడదు. హీలిక్స్ 1,90,000 డాలర్లు, పోయేది 20 మైళ్ళు. అంటే మీరు రాయగడలో లేస్తే పార్వతీపురం కూడా చేరరు. పైగా ఒకటే సీటు, అమ్మగారిని పంపించి మీరు కింద బైకు మీద వెళ్తారా?

ఈ రూలు అమెరికాది, ఇండియాలో చెల్లదు. అక్కడ 2022లో ఎయిర్ స్పోర్ట్స్ పాలసీ అని ఒకటి తెచ్చారు, పారామోటారు, మైక్రోలైటు, సొంతంగా కట్టుకునే విమానాలు అన్నీ అందులో ఉన్నాయి, కానీ అది ఆటల కోసం, అమ్మని డాక్టరుకి చూపించడానికి కాదు.

ఇంకోటి, గాల్లోకి లేచే కారు అంటే అందరూ ఫ్యాన్లవే అనుకుంటారు. స్లొవేకియాలో ఒకాయన రెక్కలు మడిచే కారు చేసాడు, ఎయిర్‌కార్ అని, బీఎండబ్ల్యూ 1.6 లీటర్ ఇంజను, 2021 జూన్‌లో నిత్రా నుంచి బ్రాటిస్లావాకి 35 నిమిషాల్లో ఎగిరొచ్చి దిగి, రెక్కలు మడుచుకుని రోడ్డెక్కి ఊళ్ళోకి నడుపుకుంటూ పోయాడు. 2022 జనవరిలో దానికి అక్కడి సర్టిఫికెట్ వచ్చింది. నా మటుకు నాకు నిజంగా ఎగిరే కారు అంటే అదే. కానీ దానికి రన్‌వే కావాలి. డచ్చి వాళ్ళ పాల్-వీ కూడా అంతే, పైన తిరిగే రెక్క ఉంటుంది గానీ నిట్టనిలువుగా లేవదు, పరిగెట్టి లేవాలి. వాళ్ళు 2020లో గుజరాత్ ప్రభుత్వంతో ఫ్యాక్టరీ కోసం ఒప్పందం కూడా రాసుకున్నారు, అప్పుడు మా ఇంట్లో కూడా ఇదే గోల, ఇండియాలో చవగ్గా వచ్చేస్తాది అని.

పత్తిచేను_డ్రోన్:
నేను మునిగుడ, గుణుపూర్ వైపు పత్తి చేలకి డ్రోన్‌తో మందు కొడతాను. విమానాల రూల్సు నాకు తెలీవు గానీ బ్యాటరీ గురించి చెప్పగలను, రోజూ దాంతోనే చావు.

నాది 10 లీటర్ల ట్యాంకు డ్రోన్. మందు నింపి లేపితే ఎకరానికి 7, 8 నిమిషాలు, దిగేసరికి బ్యాటరీ సగం కంటే ఎక్కువ అయిపోతాది. ఇంకో రౌండు లేపకుండా మార్చీస్తాను. అంటే 10 కిలోల నీళ్ళు మోసుకుని గాల్లో నిలబడ్డానికే ఈ తిండి. మనిషి 70, 80 కిలోలు, సీటు, డోరు, చక్రాలు, ఏసీ కూడా కావాలంటారు, లెక్కేసుకోండి. బ్యాటరీ పెంచితే బరువు పెరుగుతాది, బరువు పెరిగితే ఇంకా బ్యాటరీ కావాలి, మా ఊళ్ళో అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టే.

మా ట్రైనింగులో సార్ చెప్పాడు, కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటాది, కిలో బ్యాటరీలో పావు యూనిట్. ఇంజనులో ముప్పాతిక వంతు వేడిగా పోయినా పెట్రోలే చాలా ముందు. రోడ్డు మీద బ్యాటరీ కారు ఎందుకు బాగుంటాదంటే నేల మోస్తాది. గాల్లో ఎవడు మోస్తాడు, నిలబడ్డానికి కూడా కరెంటే. పైగా ఫ్యాను ఎంత చిన్నదైతే అంత ఎక్కువ తింటాది, హెలికాప్టరు రెక్క అంత పెద్దది ఊరికే పెట్టలేదు.

పోయిన వానాకాలం ఒక బ్యాటరీ ఉబ్బింది. కొంచెమే గదా అని పెట్టీసాను, తప్పు నాదే. చేను మధ్యలో ఉండగా రిమోట్ కూత పెట్టింది, వోల్టేజీ మెట్లు దిగినట్టు కాదు, నూతిలో చేద తెగినట్టు పడిపోయింది. రిటర్న్ బటన్ నొక్కేలోపే పత్తి మొక్కల మీద కూలబడిపోయింది. రెండు రెక్కలు, ఒక చెయ్యి, నాజిల్ పైపు పోయాయి, కంపెనీవాడు వారంటీ లేదన్నాడు, వాడి పేరు వద్దులెండి. రైతు మాత్రం ఏమన్లేదు పాపం, పడిన చోట పది మొక్కలు పోయాయి, మందు మొత్తం అక్కడే ఒలికింది, ఆ జాగాలో గడ్డి కూడా మొలవలేదు చాలా రోజులు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అందులో మనిషి లేడు గాబట్టి సరిపోయింది అనుకున్నాను. హెలికాప్టరుకి ఇంజను ఆగినా రెక్క తిరుగుతూ మెల్లిగా దింపొచ్చంట, విమానం తేలుతాది. ఈ చిన్న ఫ్యాన్ల బండికి కరెంటు పోతే రాయే. పారాచూట్ పెడతారు, అది తెరుచుకోడానికి ఎత్తు కావాలి గదా, డాబా ఎత్తులో పోతే ఎప్పుడు తెరుచుకుంటాది.

వైర్లు ఇంకో తలనొప్పి. పొద్దున ఎండ ఎదురుగా ఉంటే 11 కేవీ తీగ కనపడదు, స్తంభాలు చూసి తీగ ఎక్కడుందో ఊహించుకోవాలి. నేను చేను గట్టు మీద నిలబడి చూస్తేనే ఇలాగుంటే లోపల కూచున్నోడికి ఎలాగుంటాదో.

బీటెక్_థర్డియర్:
అందరూ మరీ నీళ్ళు చల్లేస్తున్నారు. డ్రోన్ వచ్చినప్పుడు కూడా ఇలాగే అన్నారు, పెళ్ళి ఫోటోలకి తప్ప ఎందుకూ అని. ఇప్పుడు మీరే దాంతో మందు కొడుతున్నారు. భువనేశ్వర్ ఎయిమ్స్ వాళ్ళు 2024లో టాంగి ఆసుపత్రికి డ్రోన్ మీద రక్తం సంచి పంపించారు. చెన్నైలో ఐఐటీ మద్రాసులో పుట్టిన ఈప్లేన్ అనే ఎగిరే టాక్సీల కంపెనీ ఉంది, బెంగళూరు సర్లా ఏవియేషన్ వాళ్ళు 2025 జనవరిలో ఢిల్లీ ఎక్స్‌పోలో శూన్య అని మోడల్ పెట్టారు, హైదరాబాద్‌లో బ్లూజే వాళ్ళున్నారు. చైనాలో ఈహాంగ్ అనే పైలట్ లేని రెండు సీట్ల బండికి 2023 అక్టోబరులోనే టైప్ సర్టిఫికెట్ ఇచ్చేసారు. ఎక్స్‌పెంగ్ వాళ్ళదైతే ఆరు చక్రాల వ్యాను, దాని డిక్కీలోంచి ఎగిరే బండి బయటికొస్తుంది, 20 లక్షల యువాన్ల లోపు అంటున్నారు. మనం ఎప్పుడూ ఆఖరి బెంచీయేనా?

జయపురం_పీపీఎల్:
తమ్ముడూ నువ్వు చెప్పినవి నిజమే, కాదన్లేదు. కానీ నువ్వు రాసిన పేర్లు మళ్ళీ చదువు. ఈప్లేన్, సర్లా, బ్లూజే, వీళ్ళెవరూ హార్డ్‌వేర్ అన్నకి అమ్ముతాం అనట్లేదు, టాక్సీ, అంబులెన్సు, సరుకు అంటున్నారు. టాక్సీ అంటే కంపెనీ పైలట్, కంపెనీ మెకానిక్, రాసిపెట్టిన రూటు, దిగడానికి కట్టిన జాగా. డీజీసీఏ వాళ్ళు 2024లో వర్టిపోర్టులు, అంటే ఇలాంటి బళ్ళు లేచి దిగే జాగాలు, ఎలా ఉండాలో కాగితం తయారు చేసింది కూడా వాళ్ళ కోసమే. ఎవరింటి ముందు వాళ్ళు లేపుకోడానికి కాదు. ఆ వరసలో కూడా జర్మనీవి లిలియం, వోలోకాప్టర్ రెండూ 2024లోనే దివాలా తీసాయి, వేల కోట్లు మింగి. నువ్వన్న ఎక్స్‌పెంగ్ బళ్ళు రెండు 2025 సెప్టెంబరులో చాంగ్‌చున్ ఎయిర్‌షో రిహార్సల్‌లో గాల్లో ఒకదాన్నొకటి తగులుకున్నాయి, ఒకటి మంటల్లో పడింది. అది కంపెనీ వాళ్ళే, ప్రాక్టీసు చేసినోళ్ళే, ఖాళీ మైదానమే. అదే జాతీయ రహదారి మీద దసరా సెలవల్లో మన జనం చేతిలో ఊహించు.

మనం ఆఖరి బెంచీ అన్నావు గదా, ఎగరడంలో ఒడిశావోళ్ళని అలా అనడం మాత్రం ఒప్పుకోను. మన పాత ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ డకోటా విమానం వేసుకుని 1947లో ఇండోనేషియా వెళ్ళి వాళ్ళ మాజీ ప్రధాని ష్యారిర్‌ని ఎక్కించుకొచ్చిన నేల ఇది 🙂 ఆయన శిక్షణ పొందిన పైలట్, అదే తేడా.

గజపతి_టెంట్‌హౌస్:
డాబా మీంచి లేవొచ్చా అని అడిగారు గదా, దానికి ఎవరూ సరిగ్గా జవాబు ఇవ్వలేదు, నేను చెప్తాను. మాది పర్లాకిమిడి దగ్గర టెంట్ హౌస్. ఎలక్షన్లప్పుడు హెలికాప్టరు వస్తే ఏర్పాట్లు మాకు ఇస్తారు.

ఒక పెద్దాయన వస్తాడని స్కూలు గ్రౌండు ఇచ్చారు. రెండు రోజులు ముందు రోడ్ల శాఖ వాళ్ళు వచ్చి గుంటలు పూడ్చి రోలర్ తిప్పారు. పోలీసులు వచ్చి చుట్టూ ఎన్ని చెట్లు, ఎన్ని వైర్లు అని రాసుకున్నారు, ఒక వేప కొమ్మ కొట్టించారు. ఆ రోజు పొద్దున రెండు ట్యాంకర్ల నీళ్ళు చల్లించాను, ముగ్గుపిండితో పెద్ద గుండ్రం గీసి మధ్యలో హెచ్ రాయించాను, మావాడు ఒడియా మీడియమే, హెచ్ తిరగేసి రాస్తాడేమో అని నాకు గుబులు, నయం ఏటంటే దాన్ని ఎటు తిప్పినా హెచ్చే. ఫైరింజన్ ఒకటి, అంబులెన్సు ఒకటి, గాలి ఎటో తెలియడానికి కర్రకి గుడ్డ, ఒక మూల పచ్చిగడ్డి తగలేసి పొగ.

ఇంత చేసాక హెలికాప్టరు దిగింది. నేను షామియానా 100 అడుగుల అవతల వేసాను, చాలనుకున్నాను. ముందు చప్పుడు, కడుపులో డప్పు కొట్టినట్టు, తర్వాత గాలి. తడిపిన మట్టి పైపొర అలాగే ఉంది, కింద పొడి మట్టి ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు, కళ్ళలో, నోట్లో. ప్లాస్టిక్ కుర్చీలు వరసగా పడ్డాయి అంటే వరసగా, ఎవరో చేత్తో నెట్టుకుంటూ పోయినట్టు. షామియానా నాలుగు తాళ్ళలో మూడు తెంపుకుని నాలుగోదానికి జెండాలాగ వేలాడింది. మధ్యాహ్నం భోజనం వండే షెడ్డు రేకు ఒకటి లేచిపోయి గోడ అవతల పడింది, అక్కడ ఎవరూ లేరు గాబట్టి సరిపోయింది. చిరిగిన షామియానా డబ్బులు ఇప్పటికీ రాలేదు, ఎవరినడిగినా ఇంకొకర్ని చూపిస్తారు.

ఈ కారుకి చిన్న చిన్న ఫ్యాన్లు గదా గాలి తక్కువ ఉంటాది అనుకోకండి. బరువు మొయ్యాలంటే గాలి కిందికి తొయ్యాల్సిందే, చిన్న ఫ్యానైతే ఇంకా గట్టిగా తోస్తాది, డ్రోనాయన్ని అడగండి. మీ డాబా మీద వాటర్ ట్యాంకు మూత, పక్కింటి రేకులు, వీధిలో కోళ్ళు, ఎవరికి ఎవరు డబ్బులు కడతారో ముందే రాసుకోండి. రోజూ ఆ చప్పుడు వింటే మీ వీధిలోనే మీకు శత్రువులు తయారు.

పత్తిచేను_డ్రోన్:
నిజం. నా డ్రోనే చేను గట్టున దిగితే టవల్ ఎగిరిపోతాది

స్టాఫ్‌నర్సు_విజయనగరం:
అందరూ మెషీన్ గురించే రాస్తున్నారు, పేషెంటు గురించి కూడా ఆలోచించండి అన్నయ్యా. మీ అమ్మగారికి దేనికి చూపిస్తున్నారో అడగను, కానీ నెలల తరబడి మందుల మీద ఉన్నవాళ్ళకి తోడు మనిషి పక్కన ఉండాలి, బీపీ పడిపోతే పడుకోబెట్టాలి. ఒక సీటు, రెండు సీట్ల బండిలో పడుకోబెట్టే చోటే లేదు, మీరు నడుపుతుంటే ఆవిడ చెయ్యి పట్టుకునేది ఎవరు? కారులో అయితే పక్కకి ఆపొచ్చు.

వాంతుల గురించి అయితే చిన్న మాట, వెనక సీట్లో కాదు ముందు సీట్లో కూచోబెట్టండి, ఫోన్ చూడనివ్వొద్దు, బయల్దేరే గంట ముందు మాత్ర ఏదైనా వేసుకోవచ్చా అని ఆ డాక్టరునే అడగండి, ఆవిడ వేసుకునే మిగతా మందులు చూసి చెప్తారు. రెండు విజిట్లలో ఒకటైనా వీడియో కాల్‌లో చూస్తారేమో కూడా అడగండి, చాలామంది ఒప్పుకుంటున్నారు ఇప్పుడు, రక్తపరీక్షలు రాయగడలో చేయించి ఫోటో పంపిస్తే సరిపోతుంది.

ఫీనిక్స్‌లో_గుణుపూరోడు:
మేడం చెప్పింది పాయింటు. ఇంకో చిన్న లెక్క చెప్పి నేను ఆపేస్తాను. విదేశీ కారు తెప్పిస్తే స్టీరింగ్ కుడివైపు ఉండాలంటారు, కస్టమ్స్ వాళ్ళు కారు వెల మీద మళ్ళీ అంత వేస్తారు, దీన్ని కారంటారో విమానమంటారో తేలేలోపు పోర్టులో అద్దె పడుతుంది. రెండున్నర కోట్లు అన్నది అక్కడి షోరూం మాట. అంత డబ్బు ఉన్నవాళ్ళు మామూలుగా చేసే పని ఏంటంటే, పాత రాబిన్సన్ ఆర్44 హెలికాప్టరు చూసుకుంటారు, నాలుగు సీట్లు, పెట్రోలు తాగుతుంది, పైలట్లు దొరుకుతారు, మెకానిక్కులు దొరుకుతారు, డీజీసీఏకి అదేంటో తెలుసు. దానికి కూడా పైన టెంట్‌హౌస్ ఆయన రాసిన బాధలన్నీ ఉన్నాయి, కానీ కనీసం అది ఉంది.

పర్లాకిమిడి_బుల్లోడు:
హెలికాప్టరు కొంటే నంబరు ప్లేటు ఒకటే, సగం ఖర్చు మిగిలింది 😂

రాయగడ_హార్డ్‌వేర్:
అందరికీ దండాలు. రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించేను, టెంట్ హౌస్ గారి షామియానా దగ్గర పడీ పడీ నవ్వింది. గోడౌన్ అమ్మడం లేదు. బీటెక్ తమ్ముడూ నువ్వు నిరుత్సాహపడకు, రాయగడలో వర్టిపోర్టు పెడితే సిమెంటు, ఐరన్ నా దగ్గరే తియ్యమని చెప్పు.

ట్రైను సంగతి చెప్తానన్నాను గదా. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖ వందేభారత్ రాయగడలో ఆగుతాది, ఊగదు, అమ్మకి వాంతులు లేవు. కానీ అది విశాఖ చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతాది, ఓపీ చీటీలు పొద్దున్నే అయిపోతాయి, అందుకే కారు పట్టుకుని తిరిగేను ఇన్నాళ్ళూ. ఇప్పుడు నర్సమ్మ చెప్పినట్టు డాక్టరుకి ఫోన్ చేసేను, ఒక నెల వీడియోలో చూస్తాను, ఒక నెల తీసుకురండి అన్నారు. తీసుకెళ్ళే నెల ముందురోజు వందేభారత్‌లో వెళ్ళి గాజువాకలో మా పిన్ని ఇంట్లో పడుకుని పొద్దున్న చూపించుకుంటాం.

బావమరిదికి డిపాజిట్ వద్దని మెసేజ్ పెట్టేను. వాడు అప్పటికే నా పేరు మీద 150 డాలర్లు కట్టీసాడంట, వెనక్కి అడిగితే ఇస్తారంట, అడగమన్నాను. అమ్మకి కూడా వీడియో చూపించేను. రెండుసార్లు చూసింది. "బాగుంది గానీ నాయనా, అంతెత్తున అద్దం దించనిస్తారా?" అంది.

స్టాఫ్‌నర్సు_విజయనగరం:
అమ్మగారికి ముందు సీటు, మర్చిపోకండి 🙂